ఐటీ దీవికి సభ ఏదీ?

పసిఫిక్ మహాసముద్రంలో, ఆస్ట్రేలియా తూర్పు తీరానికి దూరంగా నార్‌ఫోక్ అనే చిన్న దీవి ఉంది. విస్తీర్ణం 35 చదరపు కిలోమీటర్లు, జనాభా రెండు వేలకు అటూ ఇటూ. ఆ కొద్దిపాటి జనానికి 1979 నుంచి సొంత శాసనసభ ఉండేది. సభ్యులు తొమ్మిది మంది. దీవి ఖజానా వట్టిపోయిందని, ఇక సొంత పాలన నడవదని 2015 జూన్‌లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఆ సభను రద్దు చేసింది. 2013లో కొలువుదీరిన పద్నాలుగో శాసనసభ కాలపరిమితి నిండకుండానే ముగిసింది. అంతకు నెల ముందు జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 68 శాతం మంది, తమ పాలన ఎలా ఉండాలో తేల్చుకునే హక్కు తమకే ఉండాలని ఓటేశారు. వారి మాట చెల్లలేదు. 2016లో శాసనసభకు బదులుగా వచ్చిన ప్రాంతీయ కౌన్సిల్‌ను సైతం 2021లో పక్కనపెట్టి అడ్మినిస్ట్రేటర్‌కు పగ్గాలిచ్చారు. అయినా ఆ దీవివాసులు ఊరుకోలేదు. ఐక్యరాజ్యసమితి దాకా వెళ్లారు. సభ పోయిన బాధ అక్కడ ఇప్పటికీ రాజకీయంగా రగులుతూనే ఉంది.

రెండు వేల మంది తమ సభ కోసం అంతగా పోరాడుతుంటే, లక్షల మంది పనిచేసే మన హైటెక్ సిటీలో ఎన్నికైన సభ ఉన్నా లేకపోయినా ఒకటే అన్నట్టుగా ఏళ్లు గడిచిపోతున్నాయి. మాదాపూర్ నుంచి గచ్చిబౌలి, నానక్‌రాంగూడ మీదుగా కోకాపేట దాకా సాగిన ఐటీ కారిడార్ చుట్టూ సముద్రం లేదు. పాలనపరంగా మాత్రం అది దీవే. ఆ దీవిలో ఎవరి మాట చెల్లుతుంది, ఎవరికి ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్న గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ మూడో పాలకమండలి ఐదేళ్ల కాలాన్ని వెనక్కి తిరిగి చూసినప్పుడు బలంగా ముందుకొస్తుంది.

ఆ పాలకమండలికి 2020 డిసెంబరు 1న పోలింగ్ జరిగింది. కరోనా భయంతో ఈవీఎంలు పక్కనపెట్టి బ్యాలెట్ పత్రాలు వాడారు. ఓల్డ్ మలక్‌పేటలో సీపీఐ, సీపీఎం గుర్తులు తారుమారై రీపోలింగ్ పెట్టాల్సి వచ్చింది. 150 వార్డుల్లో టీఆర్‌ఎస్‌కు 56, బీజేపీకి 48, మజ్లిస్‌కు 44, కాంగ్రెస్‌కు 2 దక్కాయి. ఏ పార్టీకీ మెజారిటీ రాలేదు. 2021 ఫిబ్రవరి 11న మజ్లిస్ మద్దతుతో టీఆర్‌ఎస్‌కు చెందిన గద్వాల విజయలక్ష్మి మేయరయ్యారు. మూడేళ్ల తర్వాత 2024లో ఆమె కాంగ్రెస్‌లో చేరారు. 150లో రెండే సీట్లు గెలిచిన పార్టీకి నడుమనే మేయర్ పీఠం దక్కింది. ఓటరు వేసిన ఓటుకూ, కుర్చీలో కూర్చున్న పార్టీకీ సంబంధం తెగిపోయింది. రాష్ట్రంలో అధికారం ఎటు మారితే నగర సభ అటు మొగ్గడం కొత్త కాదు. కానీ కొత్త కాదన్నంత మాత్రాన అది సరైనదైపోదు.

ఈ 150 వార్డుల్లో ఐటీ కారిడార్ గుండెకాయ అనదగ్గవి నాలుగు: కొండాపూర్, గచ్చిబౌలి, శేరిలింగంపల్లి, మాదాపూర్. నగరంలో ఎక్కువ అద్దెలు, ఎక్కువ ట్రాఫిక్, ఎక్కువ నిర్మాణాలు ఉన్న ప్రాంతానికి సభలో దక్కిన గొంతులు ఆ నాలుగే. ఆ నాలుగు గొంతులకూ బలమిచ్చేంత ఓటు పడిందా అంటే అదీ లేదు. జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో పోలింగ్ 2009లో 42 శాతం, 2016లో 45 శాతం, 2020లో 46 శాతం దాటింది. మూడు ఎన్నికల్లో ఒక్కసారి కూడా సగం మంది బూత్‌కు రాలేదు. అసెంబ్లీ ఎన్నికలప్పుడూ ఇదే కథ. 2023లో ఏడు లక్షలకు పైగా ఓటర్లతో రాష్ట్రంలోకెల్లా పెద్ద నియోజకవర్గమైన శేరిలింగంపల్లిలో సగం మంది కూడా ఓటేయలేదు. అదే ఎన్నికలో రాష్ట్ర సగటు 70 శాతం దాటింది.

దీన్ని చూపించి, టెకీలకు ఓటంటే నిర్లక్ష్యమని ఏటా ఎవరో ఒకరు తిట్టిపోస్తారు. ఆ తిట్టులో సగమే నిజముంది. 2020 పోలింగ్ రోజు మంగళవారం. ముందు రోజు కార్తీక పౌర్ణమి సెలవు, అంతకు ముందు వారాంతం. ఆ ఏడాది ఐటీ కంపెనీలన్నీ వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉన్నాయి. కరీంనగర్ కుర్రాడు కరీంనగర్‌లో, రాజమండ్రి అమ్మాయి రాజమండ్రిలో కూర్చుని లాప్‌టాప్‌లో పనిచేస్తున్న కాలమది. కార్పొరేషన్ ఎన్నికకు వాడేది అసెంబ్లీ ఓటర్ల జాబితానే. ఎనిమిదేళ్లుగా మాదాపూర్ అయ్యప్ప సొసైటీ హాస్టల్‌లో ఉంటున్నా ఓటు ఊళ్లోనే ఉండిపోయినవాళ్లు వేలల్లో ఉంటారు. వాళ్లు తాగే నీళ్లు, నడిచే ఫుట్‌పాత్, రాత్రి పదకొండింటికి క్యాబ్ దిగే చీకటి సందు అన్నీ ఇక్కడివి. నిలదీసే హక్కు మాత్రం నాలుగొందల కిలోమీటర్ల అవతల ఉంది.

ఆ హాస్టళ్ల మధ్య ఏం జరుగుతోందో చూడాలంటే కొండాపూర్ దగ్గరి సిద్దిఖ్ నగర్‌కు వెళ్లాలి. చిన్న చిన్న ప్లాట్లలో పక్కపక్కనే, గోడకు గోడ ఆనుకుని లేచిన భవనాలు. 2024 నవంబరులో అక్కడొక బహుళ అంతస్తుల భవనం రాత్రివేళ పక్కకు ఒరిగింది. పక్క ప్లాట్‌లో పునాది కోసం తవ్విన గుంతే దానికి కారణమని తేలింది. అద్దెకుంటున్నవాళ్లు కట్టుబట్టలతో బయటికి పరుగెత్తారు. మర్నాడు యంత్రాలు తెచ్చి భవనాన్ని కూల్చేశారు. ఆ ఇరుకు ప్లాట్‌లో అన్ని అంతస్తులు ఎలా లేచాయి? గుంత తవ్వేటప్పుడు ఎవరూ ఎందుకు చూడలేదు? ఆ కొలతలు, ఆ అనుమతులు, ఆ తనిఖీలు వార్డు స్థాయిలో తేలాల్సిన పనులు. పెద్ద కంపెనీల గాజు భవనాలకు అనుమతులెలా వస్తాయో అందరికీ తెలుసు. ఆ భవనాల్లో పనిచేసేవాళ్లు తలదాచుకునే గదుల భద్రత ఎవరి బాధ్యతో మాత్రం ఎవరూ గట్టిగా చెప్పరు.

చెప్పకపోవడానికి అసలు కారణం, కారిడార్‌లో అధికారం ఉన్నవాళ్లు ఎక్కువ, ఎన్నికైనవాళ్లు తక్కువ. 1998 నవంబరులో నాటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఎల్‌ అండ్ టీతో కలిసి దాన్ని కట్టించింది నాటి ఏపీఐఐసీ, అంటే పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ. అప్పుడు మాదాపూర్ రాళ్లగుట్టల ఊరు. గుట్టలు పోయి టవర్లు వచ్చాక కూడా ఆ సంస్థ పట్టు సడలలేదు. రాష్ట్ర విభజన తర్వాత టీఎస్‌ఐఐసీగా, ఇప్పుడు టీజీఐఐసీగా పేరు మారిన ఆ సంస్థ చేతిలోనే పారిశ్రామిక ప్రాంత స్థానిక సంస్థ ఉంది. అధికారులు, కంపెనీలవాళ్లు రోజూ ‘ఐలా’ అని పిలిచేది దాన్నే. టీజీఐఐసీ లేఅవుట్లలో భవన నిర్మాణ అనుమతులు ఇచ్చేది, ఆస్తిపన్ను వసూలు చేసేది ఐలాయే. వసూలైన పన్నులో 35 శాతం కార్పొరేషన్‌కు వెళ్తుంది, మిగిలిన 65 శాతం ఐలా దగ్గరే ఉంటుంది. నగరంలోకెల్లా ఖరీదైన భవనాల ఆస్తిపన్నులో పెద్ద వాటా ఎక్కడ ఖర్చు చేయాలో తేల్చే ఆ సంస్థలో ఓటేసి పంపిన సభ్యుడు లేడు.

ఇది చట్టవిరుద్ధం కాదు, చట్టమే తలుపు తెరిచి పెట్టింది. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ నగరాలకు ఎన్నికైన సభలను హక్కుగా ఇచ్చింది. 243క్యూ అధికరణలోనే ఒక మినహాయింపూ పెట్టింది. పరిశ్రమే పౌర సేవలు అందిస్తున్న ప్రాంతాన్ని గవర్నర్ పారిశ్రామిక పట్టణంగా ప్రకటిస్తే, అక్కడ మున్సిపాలిటీ ఏర్పాటు చేయనక్కర్లేదు. నోయిడాకు ఇప్పటికీ ఎన్నికైన కార్పొరేషన్ లేకపోవడం, కోల్‌కతా సాల్ట్‌లేక్ ఐదో సెక్టార్‌కు నవదిగంత పేరిట వేరే సంస్థ ఉండటం, బెంగళూరు ఎలక్ట్రానిక్స్ సిటీలో పరిశ్రమల ఆధ్వర్యంలో టౌన్‌షిప్ అథారిటీ నడవడం అలా వచ్చినవే. ఐలా సరిగ్గా ఆ కోవలోకి రాదు. దాని పునాది వేరు, రాష్ట్ర మున్సిపల్ చట్టంలోని అధికార బదలాయింపు మీద నిలబడింది. ఫలితం మాత్రం అదే. పన్ను కట్టేవాడికీ, పన్ను ఖర్చుపెట్టేవాడికీ మధ్య బ్యాలెట్ పెట్టె కనపడదు.

ఐలా ఒక్కటే కాదు. నీళ్లు, డ్రైనేజీ జలమండలివి. లింక్ రోడ్లకు వేరే కార్పొరేషన్. చెరువుల ఆక్రమణల మీద 2024 జూలైలో వచ్చిన హైడ్రా. మాదాపూర్ తమ్మిడికుంట దగ్గర ఎన్ కన్వెన్షన్ కూల్చివేతతో దేశమంతా దాని పేరు తెలిసింది. భద్రత, ట్రాఫిక్ విషయానికొస్తే పోలీసులు, ఐటీ కంపెనీలు కలిసి నడిపే సొసైటీ ఫర్ సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ ఉంది. రాత్రి షిఫ్టుల ఆడపిల్లలకు షీ షటిల్ బస్సులు నడిపినందుకు, కరోనా కాలంలో చేసిన సేవలకు ఆ సొసైటీకి చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ ఆడపిల్ల ఇంటికి క్షేమంగా చేరడం ఆమె హక్కు. ఆ హక్కు ఒక సొసైటీ మంచితనం మీద ఆధారపడి ఉండటం నగరానికి గౌరవం కాదు.

ఇక భూమి సంగతి. అప్పట్లో నార్సింగి మున్సిపాలిటీ పరిధిలో ఉన్న కోకాపేట నియోపొలిస్ వేలంలో 2023 ఆగస్టులో ఎకరం రూ.100.75 కోట్లు పలికింది. వేలం వేసింది హెచ్‌ఎండీఏ. 2025 అక్టోబరులో రాయదుర్గంలో ఎకరం రూ.177 కోట్లకు పోయింది. వేలం వేసింది టీజీఐఐసీ. ఆ భూముల్లో లేవబోయే టవర్ల బరువు మోయాల్సింది, అంటే డ్రైనేజీ, రోడ్డు, చెత్త, వరదనీటి బాధలు పడాల్సింది స్థానికులు. ఎన్ని అంతస్తులు, ఎంత జనం, ఆ నీళ్లు ఎటు పోవాలి అన్న మాట మీద ఓటేసే అవకాశం వాళ్ల ప్రతినిధులకు రాలేదు. కంచ గచ్చిబౌలి 400 ఎకరాల వ్యవహారంలోనూ అంతే. 2025 వసంతంలో చెట్లు కూలుతుంటే అడ్డంపడింది హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు. ఏప్రిల్ 3న పనులు ఆపించింది సుప్రీంకోర్టు. నగరం ఊపిరికి సంబంధించిన అంత పెద్ద నిర్ణయంలో నగర సభ ఎక్కడా లేదు. ఆ అడవి మీద చర్చ జరగాల్సిన వేదిక మూగబోయి ఉంటే, విద్యార్థులు లాఠీలకు ఎదురు నిలవాల్సి వచ్చింది.

సభ చేతిలో ఏమీ లేదనుకోవడమూ పొరపాటే. దుర్గం చెరువు మీది కేబుల్ వంతెన, బయోడైవర్సిటీ కూడలి ఫ్లైఓవర్లు, కొత్తగూడ ఫ్లైఓవర్ కట్టింది జీహెచ్‌ఎంసీయే. అందుకు అప్పులు చేసింది. 2018 ఫిబ్రవరిలో 8.9 శాతం వడ్డీతో రూ.200 కోట్ల బాండ్లు జారీ చేసింది, ఆ తర్వాత ఇంకా జారీ చేసింది. ఈ అప్పు తీర్చాల్సింది నగరవాసులే. 2025-26కు కార్పొరేషన్ బడ్జెట్ రూ.8,440 కోట్లు. అంత డబ్బు మీద సభ చేసిన చర్చ ఎంత? 2025 జనవరి చివర్లో బడ్జెట్ సమావేశం అరుపులు, తోపులాటల మధ్య సాగింది. ఆ గందరగోళంలోనే పద్దు ఆమోదం పొందింది. ఇందులో అధికార పక్షానికి ఎంత పాపముందో ప్రతిపక్షాలకూ అంతే ఉంది. వార్డుకో కార్యాలయం అంటూ 2023 జూన్‌లో ఆర్భాటంగా మొదలైన వ్యవస్థ ప్రభుత్వం మారాక నీరుగారింది. యువత, మహిళలు, పెద్దలు, ప్రముఖులతో వార్డు కమిటీలు వేయాలని 2020లో చట్టంలో రాసుకున్నారు. ఐటీ కారిడార్‌లో ఆ కమిటీలు కాగితం దాటి ఉంటే, గేటెడ్ కమ్యూనిటీ సంఘాలు, హాస్టళ్లలో ఉండే ఉద్యోగులు, సిద్దిఖ్ నగర్ పాతకాపులు ఒకే బల్ల దగ్గర కూర్చునేవాళ్లు. ఇంత చదువు, ఇంత నైపుణ్యం ఉన్న వార్డు దేశంలో మరొకటి ఉంటుందా? ఆ నైపుణ్యాన్ని నగరం అడగనే లేదు.

మనకు సభ లేని కాలాలు అలవాటైపోయాయి. అదే అసలు ప్రమాదం. జీహెచ్‌ఎంసీకి ముందున్న పాత ఎంసీహెచ్‌కు 1991 నుంచి 2002 దాకా ఎన్నికైన సభే లేదు. 2007 ఏప్రిల్‌లో శేరిలింగంపల్లి సహా 12 మున్సిపాలిటీలను కలిపి జీహెచ్‌ఎంసీని ఏర్పాటు చేశాక, తొలి ఎన్నిక 2009 నవంబరులో గానీ జరగలేదు. ఆ తొలి పాలకమండలి కాలం 2014 డిసెంబరులో ముగిస్తే రెండోది 2016 ఫిబ్రవరిలో వచ్చింది. ఆ ఖాళీల్లో నగరాన్ని నడిపింది స్పెషల్ ఆఫీసర్లు. పొరుగున బెంగళూరులో 2020 సెప్టెంబరులో కౌన్సిల్ కాలం ముగిసింది, ఐదేళ్లు గడిచినా కొత్త కార్పొరేటర్ ఎన్నిక కాలేదు. ముంబయి 2022 మార్చి నుంచి దాదాపు నాలుగేళ్లు అడ్మినిస్ట్రేటర్ చేతిలో ఉంది. ఐటీ నగరాలు, ఆర్థిక రాజధానులు అని గొప్పగా చెప్పుకునే చోట్లే ఇలా జరుగుతోంది.

రాజ్యాంగం మాత్రం ఈ విషయంలో గట్టిగా ఉంది. 243యూ అధికరణ ప్రకారం పాలకమండలి కాలం ఐదేళ్లు, అంతకు మించి ఒక్కరోజు కూడా లేదు. ఆ కాలం ముగిసేలోపే కొత్త ఎన్నిక పూర్తికావాలి. వార్డుల పునర్విభజన, ఓటర్ల జాబితా సవరణ వంటి కారణాలు చెప్పి వాయిదా వేయడం కుదరదని అహ్మదాబాద్ కార్పొరేషన్ కేసులో 2006లోనే సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. అయినా 2021 ఫిబ్రవరి 11న మొదలైన ఐదేళ్లు నిండడానికి కొద్ది నెలల ముందు, 2025 డిసెంబరులో, మణికొండ, నార్సింగి, నిజాంపేట, తెల్లాపూర్, అమీన్‌పూర్ సహా 27 పట్టణాలను జీహెచ్‌ఎంసీలో విలీనం చేశారు. వార్డుల సంఖ్య 150 నుంచి 300కు పెరిగింది. హద్దుల మీద అభ్యంతరాలు వెల్లువెత్తాయి. విలీనం మంచిదే కావచ్చు. నానక్‌రాంగూడలో ఉద్యోగం చేసి మణికొండలో నిద్రపోయే మనిషికి ఒకే స్థానిక సంస్థ ఉండటం సబబే. కానీ మణికొండ, నార్సింగి పాలకమండళ్ల కాలం 2025 జనవరిలోనే తీరిపోయింది. అప్పటి నుంచి అక్కడ ప్రత్యేకాధికారుల పాలన. విలీనం కావాలా వద్దా అని ఆ ఊళ్ల తరఫున చెప్పడానికి ఎన్నికైనవారే లేని సమయంలో ఆ నిర్ణయం జరిగింది. నార్‌ఫోక్‌లో జనం కనీసం ఓటేసి తమ మాట చెప్పగలిగారు, దాన్ని పెడచెవిన పెట్టారు. ఇక్కడ అడగనే లేదు.

అండమాన్ దీవుల సంగతి ఇక్కడ గుర్తుచేయాలి. ఆ కేంద్రపాలిత ప్రాంతానికి శాసనసభ లేదు. అందుకే అక్కడి మున్సిపల్ కౌన్సిల్‌కు అంత విలువ. తెలుగువాళ్లు గణనీయంగా ఉన్న పోర్ట్‌బ్లెయిర్‌లో 2023 మార్చిలో తెలుగుదేశం అభ్యర్థి ఎస్.సెల్వి కౌన్సిల్ చైర్‌పర్సన్ అయ్యారు. అక్కడ మున్సిపాలిటీయే జనం చేతికందే పెద్ద సభ కాబట్టి ఒక్కో వార్డు కోసం హోరాహోరీగా తలపడతారు. హైటెక్ సిటీ వార్డుల్లో పార్టీలకు ఆ పట్టుదల లేదు, ఓటర్లకూ లేదు. పార్టీలకు ఇక్కడ కావాల్సింది ఓటు కన్నా భూమి. ఓటరుకు కావాల్సింది ఇక్కడ దొరుకుతుందన్న నమ్మకం పోయింది.

ఏం చేయాలి? గ్రేటర్‌ను ఒకే కార్పొరేషన్‌గా ఉంచినా, విడగొట్టి సైబరాబాద్‌కు సొంత కార్పొరేషన్ ఇచ్చినా, ఎన్నిక లేకుండా అధికారుల చేతుల్లో పెట్టే ఏర్పాటు ఏదైనా తప్పే. ఐలా వసూలు చేసే 65 శాతం పన్ను ఎక్కడ ఖర్చయిందో ఏటా వార్డుల వారీగా లెక్క బయటపెట్టాలి. ఆ లెక్క సభ ముందుకు రావాలి. సభ దాన్ని ప్రశ్నించాలి. క్రమంగా ఐలా అధికారాలు ఎన్నికైన సంస్థకు బదిలీ కావాలి. పరిశ్రమలకు అనుమతులు త్వరగా రావాలన్న వాదన నిజమే, ఆ త్వరను కార్పొరేషన్‌లోనూ తేవచ్చు. భూముల వేలానికి ముందు ఆ వార్డుల మీద పడే భారం ఎంతో సభలో చర్చకు పెట్టాలి. వార్డు కమిటీల్లో అద్దెదార్లకు చోటు తప్పనిసరి చేయాలి. కంపెనీలు కూడా ఒక పని చేయొచ్చు. కొత్తగా చేరిన ఉద్యోగికి బ్యాంకు ఖాతా తెరిపించే రోజే ఓటరు నమోదు ఫారం కూడా ఇవ్వొచ్చు. అందుకు అయ్యే ఖర్చు ఏమీ ఉండదు.

కొండాపూర్‌లోనో, మాదాపూర్‌లోనో, గచ్చిబౌలిలోనో ఉంటూ ఈ వ్యాసం చదువుతున్నవారికి ఒక మాట. హాస్టల్‌లో ఉన్నా, అద్దెకున్నా, మీరు మామూలుగా నివసించే చోటే ఓటరుగా నమోదయ్యే హక్కు మీకుంది. ఊళ్లోని ఓటును ఇక్కడికి మార్చుకోవడానికి ఫారం 8 చాలు, కొత్తగా నమోదయ్యేవారికి ఫారం 6. తర్వాతి ఎన్నిక ప్రకటన వచ్చేదాకా ఆగకండి. ఈ వారమే మీ పేరు ఏ వార్డులో ఉందో చూసుకోండి, లేకపోతే చేర్పించుకోండి, పక్క గదిలోని వాళ్లతోనూ ఆ పని చేయించండి.